ఓడల ప్లీడరుగారి పంక్తి

ముందు కూచో బుల్లిబాబూ. ప్లీడరు పేరు తరవాత చెబుతాను. మీ అన్నదమ్ములు మిల్లు పంచుకోడానికి కోర్టుకెక్కడం రేపైనా జరుగుతుంది గానీ, మా కోడలు చేసిన వంకాయ కూర చల్లారితే మళ్ళీ ఆ రుచి రాదు. కాళ్ళు కడుక్కున్నావా? ఇదిగో, ఈ పీట మీద కూచో. ఆ పక్క పీట ఉండనీ, జరపకు. మీనా, రెండాకులూ వేసెయ్యమ్మా. అయినా మంచి ప్లీడర్ని చెప్పమని నన్నడుగుతావేంటయ్యా? నేనేమన్నా లా చదివానా? ఆరో క్లాసు రెండుసార్లు చదివాను, అదీ మాస్టారికి నన్నొదలబుద్ధి కాక. ఆ తరవాత జన్మంతా గుమస్తాగా కాగితాలకి స్టాంపులు అంటించాను. అంటించడంలో మాత్రం నన్ను మించినవాడు కాకినాడ కోర్టులోనే లేడని ఇప్పటికీ అంటాను, ఇంకెవరూ అనరు గాని.

మా నాగేశ్వరప్రసాద్ గారుంటే నీకీ తిప్పలుండేవి కాదు. ఓడల ప్లీడరుగారనేవారు ఊరంతా. ఓడలవాళ్ళకీ వ్యాపారస్తులకీ తగువొచ్చిందంటే ఆయన గడపే తొక్కాలి. చిత్రమేంటంటే ఆయనకి నీళ్ళంటే చచ్చేంత భయం. కోరుకొండ దగ్గర పుట్టారు కదా, గోదావరి దాటాలంటే రైలు వంతెన మీదే తప్ప లాంచీ ఎక్కి ఎరగరు. సముద్రం గురించి లావుపాటి పుస్తకాలు గదినిండా ఉండేవి, సముద్రం వైపు కిటికీ మాత్రం మూసుండేది. ఇంక ఆయన పద్ధతి చెప్పాలి నీకు. నోటీసిచ్చే ముందు ఇద్దరు పార్టీల్నీ ఇంటికి భోజనానికి పిలిచి, పక్కపక్క పీటల మీద కూచోబెట్టేవారు. వారావిడ శ్యామలాంబగారు వడ్డన. మజ్జిగ దాకా తగువు మాటెత్తకూడదు. ‘ఏమండీ, ఇది లా పుస్తకంలో ఎక్కడుందండీ?’ అని నేనడిగితే, ‘ఒక పంక్తిలో తిన్నాక కోర్టులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోడానికి మొహమాటపడతారు చిట్టియ్యా. మన జిల్లాలో అదే పెద్ద సెక్షను’ అనేవారు. సగం కేసులు అక్కడే తేలిపోయేవి. వేసుకో, పప్పులో ఆ ఆవకాయ కలుపుకో.

ఆఁ, మీ నాన్న కేసు. నువ్వప్పటికి నిక్కర్లేసుకుని తిరుగుతున్నావు, నీకు తెలీదు. కుక్కుటేశ్వరరావు అప్పుడే పిఠాపురంలో మిల్లు పెట్టాడు, మీరిప్పుడు రెండు ముక్కలు చేద్దామంటున్నారే, అదే మిల్లు. నూనె తీసిన తవుడు విదేశాలకి పంపుతున్నాడు. మన రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు కదా, దూరంగా లంగరేసుకుంటాయి. బస్తాలు నావల మీద వెళ్ళి ఎక్కాలి. ఎక్కాయి. ఆ సాయంత్రం వాన కురిసింది. తెల్లారేసరికి ఓడ కెప్టెను, గ్రీకు దేశపాయన, ‘సరుకు తడిసే వచ్చింది’ అని రాసిచ్చాడు. ‘కాదు మహాప్రభో, వానలో మీవాళ్ళు ఓడ మూతలు వెయ్యలేదు’ అంటాడు మీ నాన్న. తడిసిన సరుకంటే కొనేవాడు కొనడు, కొనకపోతే బ్యాంకువాళ్ళు మిల్లుకి తాళమేస్తారు. ఓడేమో లంగరెత్తడానికి సిద్ధంగా ఉంది. వెళ్ళిందా, ఇంక గ్రీకు దేశంలో వెతుక్కోవాలి. ప్లీడరుగారు భోజనానికి పిలిస్తే కెప్టెను ‘తీరిక లేదు’ అని కబురెట్టాడు. ఆయన పిలిస్తే రానివాడు ఆ కెప్టెనొక్కడే.

ఇంక చేసేదేముంది, ఓడని ఆపమని కోర్టు ఆర్డరు తెచ్చారు. కానీ ఆ ఆర్డరు ఓడకి అంటిస్తేనే చెల్లుతుందట. అంటించాల్సింది అమీనా, అదే, కోర్టు కాగితాలు పట్టుకెళ్ళే ఆయన. నావ కాలవ దాటి సముద్రంలో పడిందో లేదో అమీనాగారు అడుగున పడుకుని, ‘కిందనించే చూసి సంతకం పెడతానండీ’ అన్నాడు. నీళ్ళ భయం దిగమింగి ప్లీడరుగారూ నావెక్కారు. ఆయన వెంట మైదా జిగురు డబ్బాతో నేనూ వెళ్ళాను కదా, జన్మకో అవకాశం, పంతొమ్మిది మెట్ల నిచ్చెనైనా ఎక్కేస్తాననుకున్నాను. అమీనా పక్కనే నేనూ పడుకున్నాను. చివరికి నావ నడిపే అబ్బులు వెనకనించి పట్టుకుంటే, తాళ్ళ నిచ్చెన మీద, కళ్ళు గట్టిగా మూసుకుని, నరసింహస్వామిని తలుచుకుంటూ ప్లీడరుగారే ఎక్కారు. పైన జరిగింది అబ్బులు చెప్పిందే. వాంతులతో మనిషి వేలాడిపోతున్నారట. పైగా మే నెల ఎండ. కెప్టెను చూసి పాపమనుకుని కుర్చీ వేయించి, ఐసు ముక్కలేసిన నిమ్మరసం తెప్పించాడట. ‘గ్లాసుకి చెమట పట్టేసిందండి, నాకే నోరూరిపోయింది’ అన్నాడు అబ్బులు. ప్లీడరుగారు చేతులు జోడించి వద్దన్నారట. బతిమాలినా ముట్టుకోలేదట. ఎండిపోయిన పెదాలతోనే ఆర్డరు ఓడ స్తంభానికి అంటించారు, అదీ వంకరగా. నేను చూడలేదు కాబట్టి సరిపోయింది. అంటించాక వెనక్కి తిరిగి, ‘కెప్టెన్ గారూ, ఇప్పుడిప్పించండి ఆ నిమ్మరసం’ అన్నారట. కెప్టెను ఆ గ్లాసెత్తి, ఈయన మొహంలోకి చూస్తూ, చివరి చుక్కదాకా తనే తాగేశాడట!

తిరిగొస్తూ నేనడిగాను, ‘ముందే తాగొచ్చు కదండీ, ప్రాణం పోతోందే’ అని. ‘ఆయనిచ్చింది తాగితే ఇంక అంటించలేను చిట్టియ్యా. నా సంగతి నాకు తెలుసు. అటు కుక్కుటేశ్వరరావు మిల్లు పోయేది’ అన్నారు.

ఓడ ఆగింది. మర్నాటినించి ప్లీడరుగారింట్లోంచి కెప్టెనుకి కారేజీ. ‘మనం ఆపాం కాబట్టి మన ఊరి అతిథి’ అంటారాయన. మీ నాన్న, ‘నా ఫీజుతో వాడికి గుత్తొంకాయా?’ అని లబోదిబోమన్నాడు. మొదట కారేజీ ముట్టకుండా వెనక్కొచ్చింది. తరవాత పెరుగన్నం గిన్నె ఒక్కటే ఖాళీగా వచ్చింది. ఆ తరవాత గోంగూర గిన్నె కడిగినట్టొచ్చింది. ఒకరోజు కెప్టెనే వచ్చాడు. ఆ పొడుగు కాళ్ళు పీట మీద ఎటు పెట్టుకోవాలో తెలీక ఒకటి వంటింట్లోకీ ఒకటి సావిట్లోకీ చాపాడు. పక్కన మీ నాన్న, మొహం గోడవైపు. ఇంతలో కెప్టెను చల్లమిరపకాయ మొత్తం నోట్లో వేసుకున్నాడు. కళ్ళు ఎర్రబడిపోయాయి, ఊపిరాడట్లేదు. శ్యామలాంబగారు వచ్చేలోగా మీ నాన్న తన మజ్జిగ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వీపు నిమురుతూ కూచున్నాడు. గ్లాసు దించి కళ్ళు తుడుచుకున్నాడు కెప్టెను. అప్పుడన్నాడు, ‘వాన మొదలైనప్పుడు మూతలు తెరిచే ఉన్నాయి. మావాళ్ళు ఆలస్యం చేశారు’ అని. ఆ ముక్కే రాసిచ్చాడు. మిల్లు నిలబడింది.

ప్లీడరుగారు పోయాక శ్యామలాంబగారు ఆ పీటలు రెండూ నాకిచ్చేశారు. మీ నాన్న కూచున్న పీట మీదే నువ్విప్పుడు... ఉండుండు. గేటు చప్పుడు కదూ. వెంకటరత్నం స్కూటరే. నేనే కబురెట్టాను మీ అన్నయ్యకి. ఊఁహూఁ, తింటున్న ఆకు ముందునించి లేవకూడదు. రావయ్యా వెంకటరత్నం, కాళ్ళు కడుక్కో, ఆ రెండో పీట నీదే. మీనా, కూర ఇటు పట్రామ్మా. మజ్జిగ అప్పుడే కలపకు.