చెవితో ఆడిన పేకాట

ఏటే కళ్యాణీ, ఫోనులో అది పేకాటేనా? పోకరా? ఓలమ్మ, ఆ పేరు ఇని ఎన్నాళ్ళయిందో. మా ఎర్రయ్యన్న ఆడీవోడు. నీకు తాతవుతాడు, నువ్వు పుట్టకముందే పోనాడులే. స్టేషన్లో బండాగితే సుత్తితో సక్రాలు కొట్టి, మోత బట్టి పగులుందో నేదో సెప్పడం ఆడి ఉద్యోగం. బాగుంటే "ఠీక్ హై" అనీవోడు, బండి కదిలీది. రిటైరయినాక ప్రేమ్ బజార్లో గదులు కట్టి, సదువుకునే పిల్లలకి అద్దెకిచ్చినాడు. అందులో దినకర్ అనీ కుర్రోడు నేర్పినాడు ఈ ఆట. ఆ కుర్రోడు లెక్కలు కట్టీవోడు, ఎదటోళ్ళ మొకాలు సదివీవోడు. మా అన్న ముక్కలు తిప్పి సూస్తేనా? బోర్లా ఉన్నవాటినే గోటితో టక్కుటక్కుమని కొట్టి, సెవి దగ్గరెట్టుకుని, "పగులుంది" అని పారేసీవోడు. నవ్వకు, నిజివే. బాగున్నాయంటే మాత్రం, ఆ మొకం సూసి అందరూ జడిసి ఆట ఒదిలేసీవోరు. ఇంక ఆడి ముక్కలు తిప్పి సూసిందెవరు? పక్కింటి తిమోతి "అదృష్టం మావా" అంటే కోపం. "పనితనంరా" అనీవోడు.

ఒకసారి పంతం పడ్డారు. దినకర్ ఓడితే గుండు, అన్న ఓడితే మీసం. ఆ మీసం సూసే మా వదిన పెళ్ళికి ఒప్పుకుందట, అదేరే కత. ఖరిదా పేట నుంచి సెలూను బుజ్జిబాబుని కూడా పిలిసి కూకోబెట్టినారు. ముక్కలు పంచినారు. అన్న కొట్టినాడు, ఇన్నాడు, మళ్ళీ కొట్టినాడు. "ఠీక్ హై" అన్నాడు. దినకర్ సేతిలో మూడు రాజులున్నాయమ్మా. అయినా ఆ మొకం సూసి సెమటలు పట్టి, ముక్కలు పడేసి, ఎల్లి కుర్సీలో కూకున్నాడు గుండుకి. గెలిసినోడు ముక్కలు సూపించక్కర్నేదు గదా, అన్న గొప్పకి పోయి తిప్పినాడు. ఒక్క జత నేదు. దేనికీ పనికిరాని ముక్కలు.

"ఏం బోల్తా కొట్టించారండీ తాతగారూ, స్కిల్లంటే ఇదీ" అని దినకర్ దండం ఎట్టేసినాడు. "కాదు, లక్కు" అన్నాడు తిమోతి. ఆళ్ళిద్దరూ కొట్టుకుంతంటే అన్న ఆ ముక్కల్ని మళ్ళీ కొడతన్నాడు, సెవెట్టి ఇంతన్నాడు. "బాగానే మోగుతన్నాయిరా" అన్నాడు. దినకర్ని కుర్సీలోంచి లేపి తను కూకుని, "మీసం తీసీ బుజ్జీ" అన్నాడు. "మావా, గెలిసింది నువ్వు" అంటే, "మరి నేను ఠీక్ హై అని పంపిన బళ్ళు ఏవైనాయిరా?" అన్నాడు.

అంతే. ఆ ఏడు పలాసలో మా సిన్నాన్న కూతురి పెళ్ళికి, రైలు పాసులు జేబులో ఎట్టుకుని, బాలాసోరులో ఒక బస్సు, కటక్‌లో ఒక బస్సు, బరంపురంలో ఒక బస్సు మారి ఎల్లినాం, ఇంటిల్లిపాదీ. అన్న మమ్మల్ని రైలెక్కనిస్తేనా. వదిన దారి పొడుగునా ఆడి మొకం ఏపు సూణ్ణేదు. మేవు ఎల్లేసరికి అక్కడ పెళ్ళి పందిరి ఇప్పేస్తన్నారు.

సర్లే. ఆ కూర మాడతంది, సూడెల్లి.