నలభై మూడు కిలోమీటర్లు సముద్రంలోకి

ఆ సన్మానానికి నేను స్టేజీ ఎక్కనండీ రసజ్ఞగారూ. ముందు ఆ పోస్టరు దింపించండి. లిఫ్టు పక్కనే, నిలువెత్తు నేను! వెనకాల అరకు కొండలు, ముందు నా పొట్ట. రెండిట్లో ఏది ఎత్తో చూసినవాళ్లు తేల్చుకోలేకపోతున్నారు. కింద "కామేశ్వరరావు నడిచాడు, గుండె బాగుచేసుకున్నాడు" అని రాత. ఎవరు రాశారండీ అది? మీరేనా? బాగానే ఉంది లెండి. కానీ దింపించండి.

మొహమాటమా? నాకా? అబ్బే. కూర్చోమంటారా? కూర్చుంటే చెప్పలేనండి. మీరు మీటింగులో ఉన్నారని ముప్పావుగంట బయట నిలబడే ఉన్నాను, ఇంకాస్త నిలబడతాను. కింద లాబీలో ఒకావిణ్ణి కూర్చోబెట్టి వచ్చాను. పదకొండింటికి ఆవిణ్ణి గుండె డాక్టరుకి చూపించాలి. ఆలోగా మీ సంతకం ఒకటి కావాలి. ఎందుకో చెప్తా.

అసలు మీ హెచ్చార్ వాళ్లు పెట్టిన పోటీయే కదండీ. "కొండ నుంచి కడలికి." అరకులో బయల్దేరి, అడవి దారుల్లో తిరిగి తిరిగి, భీమిలి బీచికి మూడొందల కిలోమీటర్లు. నడిచేది మాదాపూర్లో, చేరేది భీమిలి. చేతికో బ్యాండు, యాప్‌లో మ్యాపు, మ్యాపులో నేనొక చుక్క. నలభై రోజులు గడువు. సరదాకే అన్నారు.

మరి పెద్దసారు ఏమన్నారు? "నడవలేనివాళ్లు మనతో నడవలేరు" అన్నారా లేదా? నవ్వుతూనే అన్నారు. అందరూ నవ్వారు. టెస్టింగు టీములో నలభై ఎనిమిదేళ్లవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆఖరి పదిమంది పేర్లూ ఎక్కడికో వెళ్తాయని క్యాంటీన్లో ఒకటే గుసగుస.

మొదటివారం నిజంగానే నడిచానండి, ఒట్టు. మెట్రో దిగి ఆఫీసు దాకా, ఆఫీసు నుంచి టీకొట్టు దాకా. వారం తిరిగేసరికి నా చుక్క అరకు ఊరు పొలిమేర దాటలేదు. నాకు పై ర్యాంకులో జశ్వంత్. కాలికి సిమెంటు కట్టుతో ఉన్నాడండీ వాడు! బాత్రూముకెళ్లొచ్చిన అడుగులతో నన్ను దాటేశాడు. బ్యాండుకి కూడా నామీద విసుగే. గంటసేపు కదలకపోతే "లేచి నడవండి" అని చేతిమీద గుర్రుమంటుంది కదా, నాకైతే రోజుకి తొమ్మిదిసార్లు.

అదుగో, అప్పుడు పడింది నా కన్ను సత్తెమ్మ మీద.

అయ్యో, అలా చూడకండి! మా అపార్టుమెంటులో పనిచేస్తుందండి. పొద్దున్నే బోరబండ నుంచి కొత్తగూడ వచ్చి, మా మూడు బ్లాకుల్లో ఏడిళ్లు చేసుకుంటుంది. అంట్లు, బట్టలు, గదులు తుడవడం. ఓ ఉదయం కాఫీ తాగుతూ ఆవిణ్ణి చూస్తుంటే జ్ఞానోదయమైంది నాకు. ఎన్ని అడుగులండీ! అన్నీ వృథా అయిపోతున్నాయే!

"సత్తెమ్మా, ఇది చేతికుంచుకో. రాత్రి కూడా తియ్యకు" అన్నాను.

"ఏంది సార్ ఇది, గడియారమా?"

"అలాంటిదే."

"టైం కనవడతలేదు గద సార్?"

"కనబడదు. ఊరికే ఉంచుకో, జర."

'జర' అంటే ఆవిడ కాదనదు. పాతికేళ్లలో నేను నేర్చిన హైదరాబాదంతా ఆ ఒక్క ముక్కే.

ఇంకేముంది! మొదటిరోజే పదిహేను కిలోమీటర్లు. నాలుగు రోజులకి బొర్రా గుహలు. "ఈరోజు మీరు అరవై రెండు అంతస్తులు ఎక్కారు, శభాష్!" అని యాప్ నాకు పతకాలు. నేనెక్కడ? సోఫాలో. పైగా మీరు దారి డైరీ రాయమన్నారు కదా. "కాఫీ తోటల మీంచి చల్లగాలి, ముందర జలపాతం హోరు" అని రాశాను. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద క్యాబులో ఇరుక్కుని రాశానండి అది. ఆ హోరు వెనక బస్సువాడి హారను. నూటనలభై లైకులు! మీదీ ఉంది అందులో.

ఇరవై రోజుల్లో భీమిలి చేరిపోయాను. చేరాక బ్యాండు వెనక్కి తీసుకోవాలని తోచలేదు. చుక్క ఆగలేదండీ! ఇసుక దాటింది, అలలు దాటింది. ఈ ఉదయానికి నలభై మూడు కిలోమీటర్లు సముద్రంలో ఉన్నాను. ఒక్కరైనా అడిగారా? "సూపర్ సార్, ఆగకండి" అని మా టీములో తేజ మెసేజీ పెట్టాడు.

మొన్న మీరు రమ్మన్నప్పుడు దొరికిపోయాననుకున్నాను. మీరేమో పాపం, గొంతు తగ్గించి, "మీ గుండె లయ తప్పుతోందని బ్యాండులో వస్తోందండీ, వెంటనే చూపించుకోండి" అన్నారు. వెళ్లాను. తీగలన్నీ తగిలించి చూశారు. గుండె గుర్రంలా ఉందన్నారు. "మరి మూడువారాల రికార్డు ఇలా ఉందేంటి? నడిచి నడిచి నయం చేసుకున్నారా?" అని డాక్టరుగారే తెల్లబోయారు. అంతే, మీరు పోస్టరు వేయించేశారు.

ఆ గుండె నాది కాదని నాకు తెలుసు. ఎవరిదో కూడా తెలుసు. తెలిసి, మూడు రోజులు నోరు మూసుకున్నాను. యంత్రం కదా, పొరపాటు పడి ఉంటుందిలే అనుకున్నాను. ఉద్యోగం ఉన్నవాడికి ఇలాంటి నమ్మకాలు తొందరగా కుదురుతాయండి.

ఇవాళ పొద్దున మా అపార్టుమెంటు మెట్ల మీద కూలబడి ఉంది సత్తెమ్మ, రెండో అంతస్తు మలుపులో. ఒక చెయ్యి గుండె మీద. రెండో చేతికి బ్యాండు గుర్రుగుర్రుమంటోంది. నన్ను చూసి లేవబోయింది.

"వస్తున్న సార్, వస్తున్న. ఇగ పిలవకుండ్రి, చాతనైతలేదు."

నేనెప్పుడు పిలిచాను?

"గిది గుర్రుమంటే మీరు పిలిచినట్టే గద సార్. దినాం పదిసార్లు పిలుస్తిరి. పైకొస్తే తాళమేసి ఉంటది. పిలిచి మర్చిపోయిండేమో సారు అనుకొని దిగిపోతుంటి."

అర్థమైందాండీ? నాది అయిదో అంతస్తు. "శభాష్" అని గుర్రుమంటే అయిదంతస్తులు. "నీళ్లు తాగండి" అంటే అయిదంతస్తులు. "గుండె వేగం ఎక్కువగా ఉంది, కూర్చోండి" అంటే, అప్పుడూ అయిదంతస్తులే.

లిఫ్టు లేదా అంటారా? ఎందుకు లేదూ! పక్కనే బోర్డు కూడా ఉంది. "పనివాళ్లు లిఫ్టు వాడరాదు. ఇట్లు, కార్యదర్శి." కార్యదర్శి ఎవరని అడగరేం? సరే, అడక్కండి. నేనే.

ఆగండి, ఇంకా ఉంది. రెండువారాల కిందట మా అసోసియేషన్ మీటింగులో మూడో అంతస్తు రాజరాజేశ్వరిగారు, "ఆ బోర్డు తీసేద్దామండీ, వచ్చేపోయేవాళ్ల ముందు సిగ్గుగా ఉంది" అన్నారు. అందరూ సరేనన్నారు. నేనొక్కణ్ణే అడ్డుపడ్డాను. "రూల్సు చూడాలి, వచ్చేనెల చర్చిద్దాం" అన్నాను. ఎందుకో తెలుసాండీ?

అప్పటికి భీమిలి ఇంకా నూట యాభై కిలోమీటర్లుంది.

ఇదుగో, ఇప్పుడు నీళ్లివ్వండి. తాగుతాను.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ మూడువారాల రికార్డు ఈవిడదే అని రాయించి తెస్తే వెంటనే వైద్యం మొదలెడతానన్నారు. బ్యాండు కూడా చూస్తానన్నారు, అందుకే తియ్యలేదు. రికార్డు మీ దగ్గరుంది, నా పేరున. "ఈ గుండె కామేశ్వరరావుది కాదు, సత్తెమ్మది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు.

నా ఉద్యోగమా? మ్యాపు తెరిచి చూడండి, నేనెక్కడున్నానో. నిండా మునిగినవాడికి చలేమిటండీ!

ఒక్క నిమిషం. కింద సెక్యూరిటీ ఎల్లయ్య ఫోను. చెప్పు ఎల్లయ్యా... సోఫాలో లేదా? కదలొద్దన్నాను కదా! ఏంటీ... సారు పిలిచిండని లేచిందా?

గంటైందండీ ఆవిడ కూర్చుని. గుర్రుమని ఉంటుంది, "లేచి నడవండి" అని.

లిఫ్టు చూపించావా ఎల్లయ్యా? ...వద్దందా? మెట్లెక్కడున్నయని అడిగిందా?

రసజ్ఞగారూ, ఇది తొమ్మిదో అంతస్తు. మీరు రాసేసి, కాగితం పట్టుకుని లిఫ్టులో దిగండి. నేను మెట్ల మీద వెళ్తాను. లిఫ్టెక్కితే ఆవిడ మధ్యలోనే ఉండిపోతుంది.