కాగన్ కోసం ఒక గాటు

మా రాజు, పెద్ద కాగన్, చనిపోయిన వారంలోనే రోమ్ దేశపు రాయబారి మా గుడారాలకు వచ్చాడు. అతన్ని ముందుగా కాగన్ తల్లి దగ్గరికి పంపారు. నేను పక్కనే తోలుసంచిలో గుర్రపు పాలు చిలుకుతున్నాను, వాళ్ల మాటలన్నీ నా చెవిన పడ్డాయి.

“కూర్చో నాయనా. ఇదిగో కత్తి. చెంప మీద గాటు పెట్టుకో.”

“నేనెందుకమ్మా? మీ మనిషిని కాను కదా!”

“పొత్తు కోసం వచ్చానన్నావుగా. మా వాళ్లందరి చెంపలూ చూశావు, చావుకి మేమిలాగే కోసుకుంటాం. చావింట్లో నువ్వొక్కడివే నున్నటి మొహంతో కూర్చుంటే, తండ్రి పోయినందుకు సంబరపడుతున్నావనుకుంటాడు నా మనవడు. కొత్త కాగన్ వాడే. కోపం జాస్తి.”

“మా దేశంలో దొంగలకే మొహం కోస్తారమ్మా. ఈ గాటుతో మా రాజు ముందు ఎలా నిలబడను?”

“నిలబడాలంటే ముందు తల ఉండాలిగా!”

“బెదిరిస్తున్నారా?”

“బతకమంటున్నాను. ఈ పొత్తు చెడితే పారసీకులు మీ మీదికీ వస్తారు, మా మీదికీ వస్తారు. నా చెంప చూడు. ముసలిదాన్ని, నాకు లేని సిగ్గు నీకెందుకు?”

“చిన్నగా కోసుకోవచ్చా?”

“కోసుకో. నెత్తురు మాత్రం గడ్డం దాకా కారాలి. అడుగో, మనవడు వస్తున్నాడు. కానియ్, త్వరగా!”

“అబ్బా!”

“కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నావే! చూడు, గుమ్మంలో నిలబడి నిన్ను చూసి వాడూ ఏడుస్తున్నాడు. నా కొడుకంటే నీకంత ప్రేమా నాయనా?”

“లేదమ్మా. నొప్పి.”

“తల్లిని, నేను ఓర్చుకుంటాను. వాడితో మాత్రం ఆ మాట అనకు.”