దిగిన మిద్దెదే పావురం

హలో… ఆ, నేనే. హిందూపురం అమీర్‌సాబే. ఇది గంగాధరప్ప అంగడి ఫోను. గట్టిగా మాట్లాడబ్బా, లైను గరగరమంటాంది… ఎవరు?

…

కాలేసాబా. పెనుకొండ కాలేసాబా.

—

అన్నా అనొద్దు. పేరుంది కదా, పేరు పెట్టి పిలువు. ట్రంకాల్ చేసినావంటే ఏదో గట్టి పనే ఉండాది. చెప్పు.

—

ఆ, ఉండాది. నీ మగపావురం నా దగ్గరే ఉండాది. కాలికి ఎర్రపూస, మెడ మీద రాగి మెరుపు. ఇంటికి సక్కగా వస్తాదా అని చూసేకి నీ మనుషులు మొన్న ఈడ స్టేషన్‌లో ఇడిచిరంట. ఎండకి నోరు తెరుచుకోని తిరుగుతా ఉండె. మిద్దె మీద చిప్పలో నీళ్లు పెడితి. దిగి తాగె. పట్టుకుంటి.

—

దొంగతనమా? ఆ మాట నువ్వు చెప్తాండావా? దిగిన మిద్దెదే పావురం, పందెగాళ్ల కట్టుబాటు ఇది అని ఎవరు చెప్పిరి నాకు? నీ ఇంటి మెట్ల మీద నిలబడుకోని నువ్వే చెప్తివి.

…

మర్చిపోయినావా. నేను మర్చిపోలే. ఏడాదిన్నర అయె. నా మనిషి దేవసహాయం ధర్మవరంలో నా ఆడదాన్ని ఇడిచె, నల్లతోకది. ఇంటికి వస్తా వస్తా, మీ కొండ కాడ గద్ద తరిమితే నీ మిద్దె మీద పడె. నువ్వు దాని రెక్కలు దారంతో కుట్టి నీ మగదాని గూట్లో ఏస్తివి. ఏ మగది? ఇదే కదా, ఎర్రపూసది?

—

ఆ. ఇదే. ఒప్పుకుంటివి.

—

మూడు తూర్లు రైలెక్కి నీ ఇంటికి వచ్చినా, కాలే. నా ఆడదాన్నీ దాని మగదాన్నీ, ఆ జతని మా ఇంటిది లాల్‌బీ అరచేతిలో గింజలు పెట్టి పెంచె. ఇప్పుడు మంచం దిగలేకుండా ఉండాది, ఒక్క దినం చూపించి మళ్లీ తెచ్చిస్తా అంటి. నువ్వేం చేస్తివి? టీ ఇస్తివి. మూడు తూర్లూ టీ ఇస్తివి.

…

ఆమెకి అంత బాగాలేదని తెలీదా? నీ టీ తాగతానే చెప్పినా కదా.

—

మూడో తూరి వట్టి చేతుల్తో వచ్చి నేనేం చేసినానో నీకు తెలీదు. ఎవరికీ చెప్పలే. మా ఊరి జయరాముని ఇంట్లో అట్లాంటి నల్లతోకదే ఉంటే అడుక్కోని వచ్చి, నా మగదాని పక్కన పెడితి. ‘నీ ఆడది వచ్చె, లాల్‌బీ, చూడు’ అంటి. ఆమె ఆడదాన్ని చూడలే. మగదాన్ని చూసె. అది మూలలో ముడుచుకోని ఉండె. తిరగలే, కూయలే. ‘పెండ్లాం ఇంటికొస్తే ఇట్ల ఉంటాదా’ అనె. అంతే. మళ్లీ నాతో మాట్లాడలే. నాలుగో దినం పాయె.

…

అల్లా రాత అనొద్దు. ఇరవైమూడేండ్లు నాతో కాపురం చేసిన మనిషి, నన్ను అబద్ధాలోడు అనుకోని పాయె. అది నువ్వు రాసిన రాత.

—

ఆ, ఆపరేటరమ్మా. మూడు నిమిషాలైతే ఆ పక్కోన్ని అడుగు… పొడిగించమంటాడా. పొడిగించు. నాకేం తొందర లేదు.

—

ఫాతిహా నాటి మాట నవ్వులాటకి అంటివా? లాల్‌బీ పోయిన నలభయ్యో దినం ఫాతిహాకి వచ్చి, అన్నం తిని, చేయి కడుక్కుంటా ఏమంటివి? ‘నీ ఆడపావురం నలభై దినాల్లో జత మార్చుకునె, నీకేమబ్బా, ఇంకో నిఖా చేసుకో’ అంటివి. అందరూ నవ్విరి. నేనూ నవ్వినా. ఆ చేదు ఇంకా నోట్లోనే ఉండాది.

—

మార్చుకుందామా? నీ మగదాన్ని ఇస్తే నా ఆడదాన్ని ఇస్తావా? నేను తెచ్చుకోని ఏం చేసేది? నా మగది లేదు. ఒక గింజ తింటే రెండు దినాలు తినేది కాదు. లాల్‌బీ పోయిన పద్దెనిమిదో దినం ఆమె మంచం కింద చచ్చి పడి ఉండె.

…

గుడ్లు పెట్టిందా? ఇద్దరూ మార్చి మార్చి పొదుగుతా ఉండిరా. ఆహా. మగది రాలేదని గుడ్లు దిగి తిరిగిందా. అయితే ఏం చేస్తివి?

—

ఏమంటివి? పొద్దున ఇడిస్తివా?

—

పైన తిరుగుతా ఉంటే మగది యాడున్నా చూసి వస్తాదని… ఏం పందెగానివబ్బా నువ్వు. రెక్కల కుట్టు ఇప్పి ఏడాది దాటె, అది ఎందుకు పోలేదనుకుంటివి? నీ గింజలు రుచి అనా? మగడు నీ కాడ ఉండాడని. ఇప్పుడు మగడు లేడు. పుట్టింది నా గూట్లో. ఒక్క సుట్టు తిరిగి యా దిక్కు పాయె? హిందూపురం దిక్కేనా?

…

ఉండు.

గంగాధరప్పా, కొంచెం బయటికి పోయి మా మిద్దె మీద చూడప్పా… ఏదో కూర్చోనుండాదా? తోక చూడు… నల్లదా.

…

కాలే. వచ్చింది.

—

మాట్లాడొద్దు. నీ మగది ఉన్న బుట్ట నా కాళ్ల కాడే ఉండాది. ఇంట్లో ఇడిచి రాలేదులే, నీ మనుషులు ఊర్లోనే ఉండారు కదా. గడప కాడికి జరుపుతాండా… ఆడది అంగడి చూరు మీదికి వచ్చె. చూసింది. మగదీ చూసింది.

విను. ఫోన్ బుట్ట మీద పెడతాండా.

…

…

విన్యావా? ఆడది కనబడితే మగది చేసే సద్దు ఇది. సుట్టూ తిరిగే సందు లేకున్నా తిరుగుతాంది. నా మగది ఆ పొద్దు ఇంత సద్దు చేసుంటే, లాల్‌బీ నన్ను నమ్మి పోయుండేది.

…

లేదు. అది నా కోసం రాలే. లాల్‌బీ కోసం అసలే రాలే. ఆమె మిద్దె దిక్కు చూస్తా ఉన్నప్పుడు రాలేదు కదా. నీ మగదాని కోసం వచ్చె. తెలుసు. అయినా ఇయ్యను. రెండూ నా మిద్దె మీద దిగినవే.

—

గుడ్లా? చల్లారకముందే నువ్వే కూర్చో. పద్దెనిమిది దినాలు పొదిగితే పిల్లలవుతాయి.

—

ఏడిస్తే ఏం లాభం? రైలుంది, ఎక్కి రా. మూడు తూర్లు రా. మూడు తూర్లూ టీ ఇస్తా.

…

గంగాధరప్పా, ఇదో ఫోను, పెట్టేయప్పా. ఆయప్ప ఇంకా మాట్లాడతానే ఉండాడు.