రెండో మరుగు

కాదు డాక్టరమ్మా, అన్నీ నన్నే అడిగితే ఎలా? బయట బెంచీ మీద నా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూచుందే, ఆవిణ్ణి అడగండి. ఎప్పుడు పడ్డానో, ఎటు పడ్డానో, పడ్డప్పుడు కళ్లు తేలేశానో మూసుకున్నానో, పూసగుచ్చినట్టు చెబుతుంది. నా జబ్బు సంగతి కూడా నాకన్నా ఆవిడకే బాగా తెలియాలి కాబోలు.

మా తోడికోడలండీ. మా మరిది భార్య. నేను కాపురానికొచ్చిన ఆరేళ్లకు వచ్చింది. మొదటి అంతస్తులో మేము, రెండో అంతస్తులో వాళ్లు. మెట్లు ఒకటే, కింద కుళాయి ఒకటే, మా అత్తగారు ఉన్నన్నాళ్లూ పొయ్యి కూడా ఒకటే. పని చేసే చోటూ ఒకటే, ఈ రంగుల కార్ఖానా. నేను తొట్టి దగ్గర, ఆవిడ మడత బల్ల దగ్గర.

గోళ్లలో ఏం చూస్తారండీ, మీకేం కనబడదు. చెక్కలూ బెరళ్లూ ఉడికించి రంగు తీసే పని కదా, ఇరవై రెండేళ్ల నుంచి నా చేతులు ఇటుకరాయిలాగే ఉన్నాయి. లోపల రక్తం ఉందో లేదో పైకి తెలీదు. కనురెప్ప కింద చూడండి. చూశారుగా.

మాత్రలా? వేసుకుంటున్నానండీ. రోజూ.

పడ్డది మాత్రం నిజమే. పొద్దున మూడో తొట్టిలో నీళ్లు సలసల కాగుతున్నాయి. కర్రతో బట్ట తిప్పుతున్నాను. ఉన్నట్టుండి కర్ర ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలీలేదు. ఇటు పడ్డాను కాబట్టి మీ ముందు కూచుని మాట్లాడుతున్నాను. అటు పడితే ఏమయ్యేదో మీరు చెప్పక్కర్లేదు, ఆ నీళ్ల వేడి తెలిసినదాన్నే.

అందుకే ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా కలం పట్టుకు కూచున్నారు. నాకర్థమైంది. తొట్టి పని చెయ్యగలదు అని మీరు రాస్తే రేపు నా చోటుకు నేను పోతాను. రాయకపోతే మడత బల్లకు వేస్తారు. మడత బల్ల మీద పెద్ద ఎవరనుకున్నారు? ఆ బెంచీ మీదావిడే. కిందటేడు చేశారు. నాకన్నా ఆరేళ్లు వెనకొచ్చిన మనిషి, నా మడత విప్పి చూసి, అక్కా, అంచులు కలవలేదు, ఇంకోసారి మడతపెట్టవా అంటుంది. అక్కా అనే అంటుంది. పేరు పెట్టి పిలిచి తిట్టినా పడదును గానీ, ఆ అక్కా నేను భరించలేను.

కుళ్లంటారా? అనండి. మీకు దాచి ఏం లాభం.

మా అత్తగారు పోయే ముందు కూడా, చిన్నదొచ్చిందా అనే అడిగారు. మంచం పక్కన నేనున్నాను, గ్లాసు నా చేతిలో ఉంది. నా కూతురు జడ వేసుకోవడానికి మెట్లెక్కి పైకి పోతుంది. పిన్ని వేస్తే సాయంత్రం దాకా వదులవ్వదట. మా ఆయన అసలు నోరు విప్పడు, అలాంటి మనిషి ఓ రోజు అన్నాడు, చిన్నదాన్ని చూడు, మెట్లెక్కితే చప్పుడే వినబడదు, నువ్వు ఎక్కితే మధ్యలో రెండుసార్లు ఆగుతావు అని.

నిజమే మరి, ఆవిడ ఆగదు. ఇద్దరికీ వయసులో నాలుగేళ్లు తేడా, అంతే. ఆవిడ నీళ్ల బిందెతో ఎక్కుతుంది. నేను ఉత్త చేతులతో ఎక్కి గోడ పట్టుకుంటాను.

కారణం ఏమిటా అని కనిపెట్టాను. అంత కనిపెట్టడం చదువులో పెట్టుంటే నేనూ మీలా ఆ కుర్చీలో కూచునేదాన్ని.

పుట్టగొడుగులు. కూరలోవి కావండీ, మందువి. గట్టిగా, చెక్కపేళ్లలా ఉంటాయి. ఎండిన ముక్కలు నాలుగు గిన్నెలో వేసి మరగబెట్టి, వడకట్టి, పొద్దున్నే పరగడుపున తాగుతుంది. వాసన మెట్ల మీదికి దిగుతుంది, తడిసిన గోనెసంచి వాసన. ఏమిటే అది అంటే, ఒంట్లో సత్తువకక్కా అంది. నీకూ కాస్త పెట్టనా అని కూడా అంది.

నేనేమన్నానో తెలుసా? నాకేం రోగం, నేను బానే ఉన్నాను అన్నాను. గోడ పట్టుకుని నిలబడే అన్నాను ఆ మాట.

తర్వాత మందుల షాపుకెళ్లి అడిగాను. సీసాలో గొట్టం మాత్రలుగా వస్తాయట ఇవే. ధర చూసి సీసా మళ్లీ బల్ల మీద పెట్టేశాను. పది రోజుల నా కూలి. ఆవిడ అలా కొనదు, తెలివైంది. ఎవరో పెంచేవాళ్ల దగ్గర రాలిన పొడీ, విరిగిన ముక్కలూ తూకానికి తెచ్చుకుంటుంది. ఎక్కడా అని అడిగితే చెప్పేసేది. ఆ ఒక్క ముక్క అడగడానికే నాకు నోరు రాలేదు. అడిగానంటే ఒప్పుకున్నట్టేగా, తనకున్నది నాకు లేదని.

సరే, వినండి. నవ్వితే నవ్వండి.

మరగబెట్టిన ముక్కలు ఆవిడ పారెయ్యదు. జల్లెడలో వేసి మెట్ల మలుపులో గోడ మీద పెడుతుంది. ఆరాక మొక్కలకు వేస్తానంటుంది. ఒకరోజు పనికొస్తూ చూశాను. ఎవరూ లేరు. గుప్పెడు తీసి కొంగులో వేసుకున్నాను. రాత్రి కాదు, దొంగతనంగా కాదు, పట్టపగలు, నా మెట్ల మీద, మొక్కలకు వేసే చెత్త. దొంగతనం ఎలా అవుతుంది? అవుతుంది లెండి. అయితే కొంగు కింద ఎందుకు దాచాను?

ఇంటికొచ్చాక మరగబెట్టాను. అరగంట. ఒకసారి వాడిన సరుకు కదా, ఏం వస్తుందిలే అనుకున్నాను. నీళ్లు నల్లగా దిగాయండీ. చిక్కగా. నోట్లో పోసుకుంటే చేదు నాలిక మొదలు దాకా పట్టింది.

అప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో మీకు చెప్పలేను. పిచ్చిది, దీనికి మరగబెట్టడం కూడా రాదు అనుకున్నాను. సారమంతా ముక్కల్లోనే వదిలేస్తోంది. పైపైన కడిగిన నీళ్లు తను తాగుతోంది, అసలుది నేను తాగుతున్నాను, అదీ పైసా ఖర్చు లేకుండా. మా ఆయనతో కూడా అన్నాను, మీ తమ్ముడి భార్య తెలివి తెల్లారినట్టే ఉంది అని. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మూడు నెలలు. రోజూ జల్లెడ ఉండేది, రోజూ నేను తీసుకునేదాన్ని. మరి మొక్కలకు ఏం వేస్తోందో నేను ఒక్కసారి ఆలోచించలేదు. జల్లెడ ఖాళీగా ఉంటే ఎవరు తీశారని ఆవిడా ఒక్కసారి అడగలేదు. ఎవరికి చెప్పుకుంటుందిలే, పిల్లి తిందనుకుంటుంది అనుకున్నాను. పుట్టగొడుగులు తినే పిల్లి.

ఒంటికి బాగానే అనిపించిందండీ మొదట్లో. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒక పదిహేను రోజులు మెట్ల మీద ఒక్కసారే ఆగాను. ఆవిడ ఎదురొస్తే కావాలని గబగబా ఎక్కాను. పైకెళ్లాక తలుపేసుకుని ఆయాసపడ్డాను, అది వేరే సంగతి.

ఎందుకలా చూస్తారు? వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను.

పొద్దున నన్ను మీ దగ్గరికి ఎత్తుకొచ్చి, ఆ తెర వెనకాల మంచం మీద పడుకోబెట్టి, సీసా ఎక్కించారు కదా. మీరిద్దరూ నేను నిద్రపోతున్నాననుకున్నారు. కళ్లు మూసుకున్నాను, అంతే. చెవులు మూసుకోవడం ఎవరి వల్లా కాదు కదండీ.

ఆవిడ ఏడ్చింది. నేను విన్నాను. నా వల్లే ఇలా అయిందా డాక్టరుగారూ, ఆ పుట్టగొడుగులు పడలేదా అని మిమ్మల్ని అడిగింది. మీరు ఏ పుట్టగొడుగులు అన్నారు. అప్పుడు చెప్పింది. చేతికిస్తే అక్క తీసుకోదండీ, అభిమానం. అందుకని నావి మరిగించి తీశాక, ఆ ముక్కల మీద కొత్తవి రెండు వేసి జల్లెడలో పెట్టేదాన్ని, తడిపి, తెలీకుండా. తను తీసుకెళ్లే వేళకు నేను కిటికీ దగ్గర నిలబడేదాన్ని కాదు అంది.

కిటికీ దగ్గర నిలబడేదాన్ని కాదు, అంది. నేను కొంగు కింద దాచుకుంటూ ఎవరైనా చూస్తారేమోనని ఆ కిటికీ వైపే చూసేదాన్ని.

దొంగకు తేలు కుట్టినట్టు పడుకున్నానండీ ఆ మంచం మీద. సూది ఉన్న చెయ్యి కదపకూడదన్నారుగా, రెండో చేతితో దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

నాకు కోపం దేనికంటే, ఆవిడ మీద కాదు. అంటే, ఆవిడ మీద కూడా. కానీ ముందు నా మీద. చెక్క ఉడికించి రంగు తీయడమే నా బతుకు. మొదటి మరుగులో దిగిన రంగు రెండో మరుగులో దిగదని కొత్తగా చేరిన పిల్లలకు నేనే నేర్పిస్తాను. రెండో మరుగు నీళ్లు లేతగా వస్తాయి, వాటిని లేత బట్టకే వాడాలి అని అరిచి అరిచి చెబుతాను. తొట్టి వైపు ఇక్కణ్ణుంచి చూసి అది ఎన్నో మరుగో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, నా గిన్నెలో నా కళ్లముందు నల్లగా దిగిన నీళ్లు చూసి రెండో మరుగనుకున్నాను. మూడు నెలలు అనుకున్నాను. ఆవిడ తెలివితక్కువదని నమ్మాలి కదా, అందుకని నా పనే నేను మర్చిపోయాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు. పైగా వద్దన్నాను. పెట్టింది.

మీరు ఆవిడకు చెప్పింది కూడా విన్నాను. పుట్టగొడుగు వల్ల పడలేదమ్మా, అది రక్తం పట్టించదు, ఈవిడకు కావాల్సింది ఇనుము మాత్రలు, అవి వేసుకుంటోందా అని. ఆవిడ ఏమందో అదీ విన్నాను. తెలీదండీ అంది. నేను మాత్రం మీరిచ్చినవి రోజూ వేసుకుంటాను అంది.

చూశారా? మాత్రలూ వేసుకునేది, కషాయమూ తాగేది. నాకు కషాయమే కనబడింది. వాసన వేస్తుంది కాబట్టి. మాత్ర మింగితే వాసన రాదు, మెట్ల మీద ఎవరికీ తెలీదు. ఆవిడ సత్తువంతా ఆ గిన్నెలోనే ఉందనుకుని దాన్నే ఎత్తుకొచ్చుకున్నాను.

లేదు డాక్టరమ్మా. వేసుకోలేదు. ఇందాక అబద్ధం చెప్పాను. మీరు నెల నెలా ఊరికే ఇచ్చినవి ఒక్కటీ వేసుకోలేదు. మూడు నెలల నుంచి. అవి వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అదొకటి. ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను, అదొకటి. ఇంకోటి కూడా ఉంది. పుట్టగొడుగులతోనే బాగుపడాలనుకున్నాను. ఆవిడ దేనితో బాగుందో దానితోనే, ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్నదానితోనే. మాత్రలతో బాగుపడితే అందులో నా గెలుపేముంది?

పిచ్చి మాటలా ఉంది కదూ. నాకూ అలాగే ఉంది, ఇప్పుడు పైకి అంటుంటే.

రాయండి. మడత బల్లకే రాయండి. రక్తం పట్టేదాకా అని రాయండి, ఎప్పటికీ అని కాదు. అంచులు కలవలేదంటే విప్పి మళ్లీ మడతపెడతాను. అక్కా అంటే పలుకుతాను. ఇన్నాళ్లూ ఆవిడ ఒంటిని చూసి ఏడ్చాను, నడక చూసి ఏడ్చాను, పెద్దరికం చూసి ఏడ్చాను. వాటికి అలవాటు పడిపోయాను. ఇప్పుడు మంచితనం చూసి కూడా ఏడవాలి. అందులో నేను ఆవిణ్ణి ఎప్పటికి అందుకుంటాను చెప్పండి?

ఒక్కటి మాత్రం మీ పుణ్యం ఉంటుంది. నేను విన్నానని ఆవిడతో అనకండి. రేపు పొద్దున మళ్లీ జల్లెడ పెడుతుంది. తీసుకోకపోతే తెలిసిపోతుంది. తీసుకుంటాను. కొంగు కింద దాచుకునే తీసుకుంటాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడకుండా ఉంటుంది.

మాత్రలు కొత్తవి ఇవ్వక్కర్లేదండీ. ఉన్నాయి. ఆ చేతిసంచి అడుగున, రుమాల్లో మూటకట్టి. మూడు నెలలవీ ఉన్నాయి. మీకు చూపిద్దామనో పారేద్దామనో రోజూ మోసుకు తిరుగుతున్నాను.

పొద్దుట్నుంచీ ఆ సంచి ఆవిడ ఒళ్లోనే ఉంది. నా మొహం తుడవడానికి పొద్దున ఆ రుమాలే తీసింది కూడా. తీసిందంటే చూసే ఉంటుంది. చూసి కూడా మీతో తెలీదండీ అంది.

పిలవండి. లోపలికి రమ్మనండి.