టక్కున మూసుకునే డబ్బీ

ఎక్స్‌రే గదిలో ఇద్దరే ఉన్నారు, ఒకే ప్రయోగశాలలో పనిచేసే మొగుడూ పెళ్ళామూ. ఉపన్యాసానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చిన ఆయన్ని ఆవిడ పిలిచి, నానో ఇనుప రేణువుల్ని తాకి చెదిరిన కిరణాలు తెర మీద వేసిన బొమ్మ చూపించింది.

"ఇదేమిటి, గుండ్రంగా వచ్చింది? అడ్డచార రావాలిగా?"

"రేణువులు బారులు తీరితే చార వస్తుంది. ఇవి ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా ఉన్నాయి."

"పాడుచేశావన్నమాట! నిన్నటిదాకా బంగారంలా వచ్చిందిగా!"

"నిన్నటిదాకా రేణువుల్ని నువ్వు చేయించిన డబ్బీలో పెట్టాను. ఇవాళ అది పక్కన పడేసి, రేణువులు పోసిన గాజు గొట్టాన్ని కిరణాలకి ఎదురుగా టేపుతో అంటించాను."

"డబ్బీకేం రోగం?"

"మూత దానంతటదే టక్కున పడుతుందని కనబడ్డవాడికల్లా చెప్పి మురిశావే, ఎలా పడుతోందది?"

ఆయన చెయ్యి కాలరు దగ్గర ఆగిపోయింది.

"వేలిగోరంత అయస్కాంతం ముక్క. దానికే ఇంత రాద్ధాంతమా?"

"ఈ రేణువులకి అదే ఎక్కువ. నువ్వేమో ఏ అయస్కాంతం సాయమూ లేకుండా అవే బారులు తీరాయని చెప్పబోతున్నావు."

"నాకు పేరొస్తుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావు!"

"నువ్వు చదవబోయే ఆ పరిశోధన పేపరు మీద నా పేరు కూడా ఏడిసింది."

"నోర్మూసుకుని డబ్బీ ఇటివ్వు. ఇంకోసారి తీద్దాం, చార అదే వస్తుంది."

"నా దగ్గర లేదు. సభాధ్యక్షుడికిచ్చి వచ్చాను. మొదటి వరసలో కూర్చుని, మూత టక్కుటక్కుమనిపిస్తూ నీ కోసమే చూస్తున్నాడు."