ఎడమవైపు, అయిదో పడవ పైన

కుడివైపే మంచిదని ఎవరు చెప్పారమ్మా నీకు? ఆ రంగుల కాగితమా? ఓడలో ఎడమవైపు గది ఇమ్మని పొద్దున ఫోనులో అడిగాను. ఇప్పుడు ఇంత దూరం వచ్చి, నీ ఎదురుగా కూర్చుని అడుగుతున్నాను. రెండుసార్లూ కుడివైపే తీశావు. నా చెవులు మొద్దుబారాయి గానీ నోరు బాగానే ఉంది కదా.

తెలుసు, తెలుసు. వాంకూవర్‌లో బయలుదేరి ఓడ ఉత్తరానికి పోతుంది, పెద్ద ఒడ్డు కుడిచేతికి వస్తుంది, కొండలూ మంచూ అన్నీ అటే. వచ్చిన ప్రతివాడికీ అదే చెబుతున్నావు, పక్క కుర్చీలో కూర్చుని అరగంట నుంచీ వింటూనే ఉన్నా. నలభై ఆరేళ్ళు ఆ దారిలోని జలసంధిలో వల వేసినవాణ్ణి. ఒడ్డు ఏ చేతికొస్తుందో నువ్వు చెప్పాలా నాకు, కొలీన్? కొలీనే కదా, ఆ బిళ్ళ మీద పేరు? అక్షరాలకీ నాకూ మొదట్నుంచీ పడదు. అంకెలైతే చూపించు, తలకిందులుగా పెట్టినా చదువుతాను.

పోయిన ఓడ తిరిగి రాదా? వచ్చేటప్పుడు అదే ఒడ్డు ఏ వైపుంటుంది? చెయ్యి తిప్పి చూసుకో. ఆఁ, అదీ. ఎడమ.

నాకు పోయేటప్పటిది అక్కర్లేదు. నేను చూడాల్సిన చోటు దాటేసరికి అర్ధరాత్రవుతుంది. ఏం కనబడుతుంది, కిటికీ అద్దంలో నా మొహం కనబడుతుంది. అది రోజూ చూస్తూనే ఉన్నా. వచ్చేటప్పుడు, ఆఖరి సాయంత్రం, ఏడు దాటాక వస్తుంది ఓడ అక్కడికి. జూన్ నెలలో ఏడంటే ఇంకా పగలే.

మరి తియ్యి ఎడమవైపు.

ఒక్కటే మిగిలిందా? అయిదింటిదాకానే పట్టి ఉంచుతారా? ఇప్పుడెంతయింది... పన్నెండు నిమిషాలు తక్కువ. సరే, చాలా టైముంది. వెనక ఆ తెల్లటోపీ పెద్దమనిషిని అలా బుసకొట్టొద్దని చెప్పు. మెడ మీద గాలి తగులుతోంది నాకు.

దానికేం రోగం మరి, అంత నసుగుతున్నావు? పడవ అడ్డమా? ఏ పడవ? ఓ, ఓడ పక్కన వేలాడే నారింజరంగు రక్షణ పడవలేనా. గది దాని పైన ఉంటుందా. బాల్కనీలోంచి వంగితే నీళ్ళు కనబడవు, పడవ వీపు కనబడుతుంది. సరే. ఎదురుగా చూస్తే? ఎదురుగా ఏదీ అడ్డం లేదు కదా? ఒడ్డు కనబడుతుంది కదా? బొమ్మ ఇటు తిప్పు.

ముందు నుంచి లెక్కపెట్టు. నేను కాదు, నువ్వు లెక్కపెట్టు. మూడు, నాలుగు... అయిదో పడవ. సరిగ్గా అయిదో దాని నెత్తినేనా? మళ్ళీ ఓసారి చూడమ్మా. ఇందులో తప్పు పోతే నీకేం కాదు.

లేదు, నాకు కుడివైపు పెద్ద గది వద్దు. అదే ధరకి ఇస్తానన్నా వద్దు. నాకు జాలిపడి ఇచ్చేవి ఎప్పుడూ నప్పలేదు.

పై డెక్కు మీదికి పోయి ఏ వైపైనా నిలబడొచ్చంటావా. మంచి మాట. ఐస్‌క్రీములు నాకుతూ, ఫోటోలు తీసుకుంటూ ఆరువందలమంది ఉంటారక్కడ. వాళ్ళలో నన్నెక్కడ వెతుకుతాడు ఆయన? డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలాడికి అద్దాలు పెట్టుకున్నా చూపు అంతంతమాత్రం. నాకేమో ఈ మోకాలు గంటసేపు నిలబడనివ్వదు. అదే అయిదో పడవ పైన అని చెప్పాననుకో, దుర్భిణి నేరుగా అక్కడే పెడతాడు. నీకు లోపంగా కనబడుతోందే, ఆ పడవే నాకు గుర్తు. అర్థమైందా?

ఎవరంటే... మా అన్న. సివర్ట్.

జలసంధి మధ్యలో పెద్ద ఒడ్డు నుంచి ఒక రాతిమొన ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మా వాళ్ళు దాన్ని ముక్కు అంటారు. ముక్కు మీద తెల్ల ఇల్లు ఒక్కటే. రోడ్డు లేదు, పడవలోనే పోవాలి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పోయే ప్రతి ఓడ పేరూ, టైమూ పుస్తకంలో రాసుకుంటాడు. జీతం లేని ఉద్యోగం. ఈ నెలాఖరుకి ఆయన్ని తీసుకెళ్ళిపోతున్నారు. ఊపిరితిత్తులు పాడైపోయాయట, ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉండాలిట. ఈ ఓడ వెనక్కొచ్చేది ఇరవై ఏడున. ముప్ఫైకి ఇంటికి తాళం. ఉత్తరాల పడవ నడిపే ఆస్కిల్ చెప్పాడు. మా అన్న చెప్పి పంపాడనుకోకు. ఆయనేం చెప్పలేదు.

ఆస్కిల్ పడవలో పోయి చూసి రావచ్చు కదా అంటావు. పోవచ్చు. ఆయన రేవులో నేను కాలు పెట్టాలంటే ఆయన పిలవాలి. ఆయన పిలవాలంటే నేను ముందు... సర్లే. ముప్ఫై ఒక్కేళ్ళయింది మేం మాట్లాడుకుని.

తొమ్మిది నిమిషాలు. చూశాను. నీ గడియారం నాకూ కనబడుతోంది.

మాకొక పద్ధతుందమ్మా. ఒడ్డున ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, శవాన్ని సాగనంపే రోజు పొద్దున తలుపు మీద నల్లగుడ్డ కడతారు. ఆ రోజు ఆ దారిన పోయే ప్రతి పడవా ఆ ఒడ్డుకి చేరువగా, ఇంజను తగ్గించి, టోపీలు తీసి పోవాలి. శత్రువైనా సరే. అవతల ఒడ్డు పట్టుకుని పోయావంటే, ఆ ఇంట్లో చచ్చిపోయింది మనిషే కాదన్నట్టు.

మా వదిన బోర్గిల్డ్‌ని సాగనంపిన రోజు నేను అవతల ఒడ్డు పట్టుకుని పోయాను.

ఎందుకని అడిగిన ప్రతివాడికీ చెప్పాను, సముద్రం పోటు మీదుందిరా, నిండా చేపలతో ఉన్నాను, ఇటుకి వస్తే పడవ రాళ్ళకి కొట్టేసేది అని. నిజంగానే ఆ ముక్కు దగ్గర పోటు మహా దుర్మార్గం. అందరూ తలలూపారు. మా ఆవిడ కూడా తలూపింది, బతికున్నన్నాళ్ళూ.

మా అన్న ఊపలేదు. ఒక్క మాట అనలేదు, ఒక్క కబురు పంపలేదు. నాకు ఒళ్ళు మండింది. నేనూ పంపలేదు. ఆయనకేం, పెద్దకొడుకు. నాన్న పడవ ఆయనకే, ముక్కు మీద ఇల్లూ ఆయనకే. నేను మాత్రం వంగి వంగి సంజాయిషీ చెప్పుకోవాలా?

ఏమిటది, కాగితం? సంతకమా? పడవ అడ్డం ఉందని తెలిసే తీసుకుంటున్నానని. నువ్వే చదివి వినిపించు... ఆ, చాలు. ఎక్కడ పెట్టాలి? ఇదిగో. హాల్వర్ అని ఉంది చూడు, అది మాత్రం చక్కగా రాస్తాను.

నొక్కు మరి. నొక్కావా? అయిపోయిందా? నాలుగు నిమిషాలుండగానే అయిపోయింది. ఆ టోపీ ఆయన్ని ఇక రమ్మను.

ఉండు, లేస్తున్నా. ఒక్క పనుంది. ఆస్కిల్‌కి ఫోనుంది, మా అన్నకి లేదు. నాలుగు ముక్కలు ఆ ఫోనుకి కొట్టి పంపు, వాడు ఉత్తరాలతో పాటు చదివి వినిపిస్తాడు. ఇదుగో నంబరు. రాయి.

ఇరవై ఏడు. సాయంత్రం ఏడు దాటాక. ఎడమవైపు, ముందు నుంచి అయిదో పడవ పైన. పసుపు వానకోటు. ఏం, బాల్కనీకి గుడ్డలు వేలాడదీయకూడదా? వేలాడదీయనమ్మా, ఒంటి మీదే వేసుకుని నిలబడతాను. ఎండలో వానకోటు వేసుకోకూడదనే రూలుందా? లేదు కదా.

టోపీ తీసి నిలబడతాను అని రాయి.

ఇంకా... ఇంకా రాయి. ఆ రోజు పోటు లేదు.

అంతే రాయి. ఆ రోజు పోటు లేదు, నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

అలా చూడకు. ఆటుపోట్ల పుస్తకం ప్రతి పడవలోనూ ఉంటుంది, ఏ రోజు ఏ గంటకి నీళ్ళెటు పోతాయో అంకెల్లో అచ్చేసి. వచ్చే ఏడాదిదీ ముందే కొని కంఠస్థం పట్టే మనిషి మా అన్న. అందరితో అబద్ధం ఆడొచ్చు, ఆయనతో ఎలా? ఆ రాత్రే తీసి చూసుంటాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవలో చేపలు పాతిక కూడా లేవు. తలుపు మీద నల్లగుడ్డ కూడా కనబడింది నాకు.

ఎందుకంటే, చెబితే నవ్వుతావు. అంతకు నాలుగు నెలల ముందు, ఈస్టరు విందులో నేను పొగబెట్టిన సాల్మన్ చేప పట్టుకెళ్ళాను. రెండు రోజులు దగ్గర కూర్చుని చేసింది. మా వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "హాల్వర్, ఇది తినడానికా, పడవ అడుగున చిల్లికి కొట్టడానికా?" అంది. పన్నెండుమంది నవ్వారు. మా అన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

అంతే. ఇంకేం లేదు. తిరిగొచ్చేటప్పుడు ఇటు ఒడ్డు పట్టుకుని పోదాంలే అనుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి గుడ్డ తీసేశారు.

పంపించావా? మొత్తం? పోటు సంగతి కూడా?

సరే.

ఆయన బయటికి రాకపోతే ఏం చేస్తానంటావా. ఏం చేస్తాను, చెట్లు చూస్తాను. మీ ఓడెక్కినవాళ్ళంతా చూసేది చెట్లే కదా. ఆ నా చేతికర్ర ఇలా అందించు.